‘షగ్రిన్’ అనే ఇంగ్లీషు మాటను సరిగ్గా వాడడం ఎలా?

ఇంగ్లీషు పదజాలం నేర్చుకునేవారి నోటుపుస్తకాల్లో ‘షగ్రిన్’ అన్న మాటకు ఎదురుగా తరచూ ‘విచారం’ అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. విశాఖపట్నం ద్వారకానగర్‌లో గదులు అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇలాంటి జాబితాలను రాత్రుళ్లు మేలుకుని బట్టీ పడతారు. అంత కష్టపడి నేర్చుకున్న మాట అవసరానికి అక్కరకు రాకపోతే చూడడానికి బాధగా ఉంటుంది. ‘విచారం’ అన్న అర్థాన్ని నమ్ముకున్నవారు తాతగారు కాలం చేశారని తెలిసి షగ్రిన్ కలిగిందని రాస్తారు. ఇంగ్లీషు బాగా తెలిసినవారికి ఆ వాక్యం చాలా విడ్డూరంగా వినిపిస్తుంది. తాతగారి మరణం మనవడికి పరువు తక్కువ పని అయిందన్న ధ్వని అందులో ఉంటుంది.

నిజానికి తెలుగువారికి ఈ మాట కష్టమైనది కాదు. ఆశో ధీమానో దెబ్బతిని, తాను తక్కువైపోయినట్టు అనిపించే ఈ భావం మన పెళ్లిళ్లలో, చుట్టాల రాకపోకల్లో, ఎన్నికల వార్తల్లో ఎప్పుడూ కనబడేదే. ముందు భావాన్ని తెలుగులోనే గుర్తుపట్టి, ఆ తర్వాత ఇంగ్లీషు మాటను దాని పక్కన నిలబెట్టుకుంటే మళ్లీ మరిచిపోవడం ఉండదు. కింద చెప్పిన పనులను అదే వరసలో చేయండి.

1. ముందు నోటికి తెచ్చుకోండి

ఇంగ్లీషులో ఈ మాటను సి, హెచ్, ఎ, జి, ఆర్, ఐ, ఎన్ అని రాస్తారు. మొదటి రెండక్షరాలు చూడగానే ‘చైర్’లో లాగా ‘చ’ పలకాలనిపిస్తుంది. ఇక్కడ ‘ష’ పలకాలి. 17వ శతాబ్దం మధ్యకాలంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట ఇది. ఫ్రెంచి నుంచి వచ్చిన చాలా మాటల్లో ఆ రెండక్షరాలు ‘ష’గానే పలుకుతాయి. మెషీన్, పారాషూట్, బ్రోషర్, షెఫ్ అన్నింటి స్పెల్లింగులోనూ అవే అక్షరాలున్నాయి. మెషీన్‌ను మనం ‘మెచీన్’ అని ఎన్నడూ అనలేదు కదా. షగ్రిన్‌ను కూడా ఆ వరసలోనే చేర్చుకోండి.

ఊనిక విషయంలో రెండు పద్ధతులున్నాయి. అమెరికాలో రెండో భాగాన్ని ఒత్తి పలుకుతారు, మొదటి అచ్చు దాదాపు తేలిపోతుంది. బ్రిటిష్ పద్ధతిలో ఒత్తు మొదటి భాగం మీద పడుతుంది, అచ్చు ‘క్యాట్’లో ఉన్నట్టుగా ఉంటుంది. రెండూ సరైనవే. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. తెలుగులో మాటలోని అక్షరాలన్నింటినీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం కాబట్టి ఈ ఒత్తు మనకు దానంతటది రాదు. పైకి పలికి సాధన చేయాల్సిందే. చివర ఉన్న ‘గ్రిన్’ను చూసి నవ్వుకు సంబంధించిన మాట అనుకోవద్దు. రెండింటికీ చుట్టరికం లేదు.

2. మూడు ప్రశ్నలు వేసుకోండి

ఏ సందర్భంలోనైనా ఈ మాట వాడవచ్చా లేదా అని తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. ముందు ఒక ఆశ గానీ ధీమా గానీ ఉందా? అది దెబ్బతిన్నదా? దెబ్బతిన్నందువల్ల ఆ మనిషికి నలుగురిలోనో తన దృష్టిలోనో తాను తక్కువైపోయినట్టు అనిపించిందా? మూడింటికీ అవునన్న జవాబు వస్తే అది షగ్రిన్. ఏ ఒక్కటి తప్పినా మరో మాట వెతుక్కోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. సింహాచలం అప్పన్న స్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కసారి, అక్షయ తృతీయ నాడు చందనోత్సవంలోనే దొరుకుతుంది. రాజమహేంద్రవరం నుంచి మీ అక్కయ్య, బావగారు పిల్లలతో సహా వచ్చారు. “టికెట్ల సంగతి నాకు వదిలేయండి బావగారూ, కొండమీద నాకు తెలిసినవాళ్లున్నారు” అని మీరు నెల ముందునుంచీ ఫోనులో చెబుతూ వచ్చారు. తెల్లవారుజామునే అందరినీ తీసుకుని కొండెక్కారు. తీరా చూస్తే తెలిసినాయన ఫోను ఎత్తడు. బావగారు ఏమీ అనకుండా పిల్లలను తీసుకుని పొడవాటి క్యూలో నిలబడ్డారు. అక్కయ్య మీ వంక చూసి చూపు తిప్పుకుంది. ఆ నిమిషంలో మీ లోపల కలిగినదే షగ్రిన్. ధీమా ఉంది, అది కూలింది, నలుగురిలో మాట పోయింది.

ఇప్పుడు ఇదే కథలో ఒక్కొక్కటి మార్చి చూడండి. టికెట్లు చేతిలోనే ఉన్నాయి గానీ పెనుగాలి, వాన వచ్చి ప్రయాణమే ఆగిపోయింది. అప్పుడు కలిగేది నిరాశ, అంటే డిసపాయింట్‌మెంట్ మాత్రమే. వాన కురిసినందుకు మీ పరువు పోదు. టికెట్లు దొరికాయి, దర్శనమూ అయింది, దిగేటప్పుడు మెట్లమీద జారి పడితే జనం నవ్వారు. అది ఎంబరాస్‌మెంట్, ఇబ్బందితో కూడిన సిగ్గు. అక్కడ భంగపడిన ఆశ ఏదీ లేదు. క్యూలో ఎవరో అకారణంగా మిమ్మల్ని అందరి ముందూ తిట్టారు. అది హ్యుమిలియేషన్, అవమానం. అది బయటివారు చేసినది. పొద్దున కొండెక్కే హడావుడిలో అమ్మకు మందులు ఇవ్వడం మరిచారు, ఆవిడ నీరసించిపోయింది. మీకు కలిగేది పశ్చాత్తాపం. అక్కడ మీ మనసు అమ్మమీద ఉంటుంది, మీ పరువుమీద కాదు.

మూడో ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. ఎదుటివారు చూస్తేనే షగ్రిన్ కలుగుతుందని లేదు. ఒక్కరే ఉన్నప్పుడు కూడా కలుగుతుంది. లెక్కల్లో తనకు తిరుగులేదనుకునే విద్యార్థి ఇంటికి వచ్చి జవాబులు సరిచూసుకుంటూ, అన్నింటికన్నా తేలిక లెక్కను తప్పు చేశానని గమనిస్తాడు. గదిలో మరెవరూ లేరు. అయినా తన గురించి తాను గీసుకున్న బొమ్మ చెదిరింది. అది కూడా షగ్రినే. ఇంగ్లీషు రచయితలు ఈ మాటను ఎంతో ఇష్టంగా వాడేది ఇలాంటి చోటనే.

3. తెలుగు మాటల పక్కన పెట్టి తూచండి

ఈ పని అందరూ వదిలేస్తారు. నా ఉద్దేశంలో అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. ఈ చుట్టుపక్కల భావాలకు తెలుగులో ఉన్నన్ని మాటలు చూస్తే గర్వంగా అనిపిస్తుంది. ఏ ఒక్కటీ షగ్రిన్‌కు పూర్తిగా సరిపోదు. కానీ ఒక్కొక్కటీ ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ తప్పుకుంటుందో చూస్తే ఇంగ్లీషు మాట హద్దులు స్పష్టమవుతాయి.

అన్నింటికన్నా దగ్గరగా వచ్చేది ‘భంగపాటు’. ఎన్నికల వేళ మన పత్రికల్లో “టికెట్ ఆశించి భంగపడిన నేత” అన్న మాట కనబడని రోజు ఉండదు. ఆ నాయకుడి స్థితిని తలచుకోండి. అనుచరులకు మాట ఇచ్చాడు, ఫ్లెక్సీలు కట్టించాడు, జాబితా వచ్చాక అందులో తన పేరు లేదు. ఆశ, దాని పతనం, నలుగురి చూపు, మూడూ ఒక్క మాటలో ఉన్నాయి. తేడా ఏమిటంటే భంగపాటు జరిగిన సంగతిని కూడా చెబుతుంది, షగ్రిన్ దానివల్ల కలిగిన భావాన్ని మాత్రమే చెబుతుంది. జాబితా వచ్చినప్పుడు జరిగినది భంగపాటు, ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టనివ్వనిది షగ్రిన్.

‘చిన్నబోవడం’ కూడా దగ్గరిదే. ముఖం చిన్నబోయింది అంటాం. అయితే మిఠాయి పంచేటప్పుడు తన వంతు రాని పసివాడి ముఖమూ చిన్నబోతుంది. అక్కడ పరువు ప్రసక్తి లేదు. అందుకని చిన్నబోవడం షగ్రిన్‌కన్నా పెద్ద పరిధి ఉన్న మాట. ‘చిన్నబుచ్చుకోవడం’ మళ్లీ వేరు. పెళ్లిపత్రిక ఇంటికి వచ్చి ఇవ్వలేదని పెదనాన్నగారు చిన్నబుచ్చుకుంటే, తప్పు అవతలివారిదని ఆయన అభిప్రాయం. షగ్రిన్‌లో వేలు ఎక్కువగా తనవైపే చూపిస్తుంది.

‘నామోషీ’ని చాలామంది దీనికి సమానంగా రాస్తారు. ఇక్కడ కాలాన్ని గమనించండి. కారు ఉన్నవాడు గాజువాక బస్సు ఎక్కడం నామోషీ అనుకుంటే, ఆ భావం పని చేయకముందే వచ్చి పనిని ఆపుతుంది. షగ్రిన్ పని బెడిసికొట్టిన తర్వాత వస్తుంది. కొత్త కారు కొన్నానని అందరికీ చెప్పినవాడు, అది మద్దిలపాలెం కూడలిలో మొరాయిస్తే దాన్ని తోసుకుంటూ సహోద్యోగుల కంటపడతాడు. అతనికి అప్పుడు కలిగేది షగ్రిన్.

‘నగుబాటు’లో జనం నవ్వు ఉంది. షగ్రిన్‌కు జనం నవ్వనక్కర్లేదు. ‘తలవంపులు’ మరొకరివల్ల కూడా వస్తాయి, కొడుకు చేసిన పనికి తండ్రికి తలవంపులు. షగ్రిన్ కూడా అలా రావచ్చు, ఆ మరొకరు మనవారై ఉంటే, మనం వారిమీద ధీమాగా మాట్లాడి ఉంటే.

ఇక ‘ఉక్రోషం’. ఇది చాలా చక్కని మాట, దీన్ని మరిచిపోకూడదు. ఓడిపోయిన సిగ్గు కోపంగా మారి, ఆ కోపాన్ని ఎవరిమీద చూపాలో తెలియక కళ్లనిండా నీళ్లు తిరిగితే అది ఉక్రోషం. షగ్రిన్‌లోనూ కొంత చిరాకు ఉంటుంది గానీ అది బయటికి పొంగదు. పెదవి బిగించుకుని లోపలే దాచుకునే భావం అది. అందుకే ఇంగ్లీషులో ‘హైడ్’, అంటే దాచుకోవడం అన్న క్రియ దీని పక్కన తరచూ కనబడుతుంది.

అనువాదంలో మాటకు మాట వెతకడం మాని, మన జాతీయాన్ని వాడండి. నలుగురిలో మాట పోయినప్పుడు మనం “తల కొట్టేసినట్లయింది” అంటాం. ‘టు మై షగ్రిన్’ అన్న ఇంగ్లీషు మాట ఉన్న వాక్యాన్ని తెలుగు చేయాల్సివస్తే చాలాచోట్ల ఇది హాయిగా కుదురుతుంది. మరీ బరువైందనిపిస్తే “ముఖం చెల్లలేదు” అనండి.

4. మాటను దాని చట్రంలో నేర్చుకోండి

షగ్రిన్ వాక్యంలో ఒంటరిగా తిరగడం తక్కువ. పదిసార్లు కనబడితే ఎక్కువసార్లు ఒకే చట్రంలో ఉంటుంది. ముందు ‘టు’, తర్వాత ఎవరికి కలిగిందో ఆ మనిషి, చివర షగ్రిన్. టు మై షగ్రిన్, టు హర్ షగ్రిన్. తీవ్రత పెంచాలంటే మొదట ‘మచ్’ చేర్చి ‘మచ్ టు హిజ్ షగ్రిన్’ అంటారు. మనిషి పేరో బృందమో పెద్దదైతే ‘టు ద షగ్రిన్ ఆఫ్’ అని మొదలుపెట్టి వారి పేరు తర్వాత చెబుతారు. ఈ మూడూ వస్తే మీ అవసరాల్లో అధికభాగం తీరినట్టే.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. ‘టు’ బదులు ‘ఫర్’ గానీ ‘విత్’ గానీ ఈ చట్రంలో పెట్టకండి. తెలుగులో ‘నాకు’ అన్న విభక్తి ఉంది కాబట్టి ‘టు’ అనడం మనకు సహజంగానే వస్తుంది, ఆ సహజత్వాన్ని నమ్మండి. రెండోది, ఈ ముక్కను వాక్యం మొదట పెడితే తర్వాత కామా ఉండాలి. ముక్కను తీసేసినా మిగిలిన వాక్యం నిండుగా నిలబడాలి. “టు మై షగ్రిన్, ద డోర్ వాజ్ లాక్డ్” అన్న వాక్యంలో మొదటి ముక్క తీసేయండి, తలుపు తాళం వేసి ఉందన్న వాక్యం మిగులుతుంది. అలా మిగలకపోతే ఎక్కడో నిర్మాణం చెడిందని అర్థం.

మూడో జాగ్రత్త ఎవరి షగ్రిన్ అన్నది. చట్రంలో చెప్పాల్సింది పని చేసినవారి పేరు కాదు, భావం కలిగినవారి పేరు. దీనికి మన విశాఖలోనే మంచి ఉదాహరణ ఉంది. 2023 మార్చి 19న పోతినమల్లయ్యపాలెం క్రికెట్ మైదానంలో భారత్, ఆస్ట్రేలియా జట్ల మధ్య వన్డే జరిగింది. భారత జట్టు 26 ఓవర్లలో 117 పరుగులకే ఆలౌటయింది. మిచెల్ స్టార్క్ ఐదు వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా ఒక్క వికెట్టూ కోల్పోకుండా 11 ఓవర్లలో ఆ లక్ష్యాన్ని దాటేసింది. సొంతగడ్డమీద, నిండిన స్టేడియంలో, పేరున్న బ్యాటర్లు అలా వరుసగా వెనుదిరిగారు. ఈ సంగతిని ఇంగ్లీషులో రాస్తే ‘టు ద షగ్రిన్ ఆఫ్’ తర్వాత రావాల్సింది భారత బ్యాటర్లు. పడగొట్టినది స్టార్క్ అయినా అతని పేరు అక్కడ రాదు.

మరి ప్రేక్షకుల మాట? టికెట్ కొనుక్కుని, మధ్యాహ్నపు ఎండలో బస్సెక్కి వెళ్లి, పొద్దుగూకకుండానే తిరిగొచ్చిన వారిది ముందుగా డిసపాయింట్‌మెంట్. అయితే వారిలో ఒకాయన ఆఫీసులో అందరికీ “ఈ మైదానంలో మనవాళ్లకు ఎదురులేదు, 2005లో ధోనీ 148 కొట్టింది ఇక్కడే” అని వారమంతా చెప్పి ఉన్నాడనుకుందాం. సోమవారం పొద్దున ఆఫీసు మెట్లెక్కుతున్నప్పుడు ఆయనకు కలిగినది షగ్రిన్. ఒకే ఓటమి, ఇద్దరు మనుషులు, రెండు మాటలు. ఈ తేడా తెలిస్తే మాట మీ చేతికి వచ్చినట్టే.

క్రియగానూ ఈ మాట ఉంది, కానీ ఇంచుమించు ఎప్పుడూ కర్మణి రూపంలోనే. ‘షి వాజ్ షగ్రిన్డ్’ అంటారు. ఏదో తెలుసుకుని చిన్నబోయిందనాలంటే ‘షగ్రిన్డ్ టు ఫైండ్’, ‘షగ్రిన్డ్ టు లర్న్’ అని కొనసాగిస్తారు. రాసేటప్పుడు చివర ఒకే ఎన్ ఉంచాలి. నవ్వు అనే ‘గ్రిన్’కు భూతకాలంలో రెండు ఎన్‌లు వస్తాయి, దీనికి రావు. డిసపాయింటింగ్, ఎంబరాసింగ్ ఉన్నాయి కదా అని ‘షగ్రినింగ్’ అని విశేషణం చేయకండి, వాడుకలో ఇమడదు. నామవాచకంగా వాడేటప్పుడు ముందు ‘ఎ’ పెట్టడం, చివర బహువచనం చేర్చడం మానుకోండి. ఇది లెక్కపెట్టే వస్తువు కాదు.

5. ఎక్కడ వాడకూడదో తెలుసుకోండి

ఇది పుస్తకాల, పత్రికల మాట. స్నేహితులతో మాట్లాడేటప్పుడు వాడితే కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది. తప్పేమీ కాదు, కానీ చోటు చూసుకోవాలి.

క్షమాపణ లేఖలో మాత్రం అసలు వాడకండి. రుషికొండ ఐటీ కార్యాలయాల్లో పనిచేసే పిల్లలకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. విదేశంలో ఉన్న ఖాతాదారుకు మీ పని ఆలస్యంగా అందింది, సంజాయిషీ రాయాలి. పెద్ద మాట వాడితే గౌరవంగా ఉంటుందని షగ్రిన్ రాశారనుకోండి. అవతలి మనిషి చదివేదేమిటి? ఆలస్యంవల్ల మీ ప్రతిష్ఠకు దెబ్బ తగిలినందుకు మీరు నొచ్చుకుంటున్నారని. ఆయనకు కావలసినది ఆ సంగతి కాదు. తనకు కలిగిన నష్టం మీకు తెలుసనీ, దానికి మీరు చింతిస్తున్నారనీ ఆయన వినాలి. దానికి ‘రిగ్రెట్’ ఉంది, మామూలు ‘సారీ’ ఉంది. షగ్రిన్ మన వైపు చూసుకునే మాట, క్షమాపణ ఎదుటివారి వైపు చూడాల్సిన పని.

మరణం, జబ్బు, ప్రమాదం, ప్రకృతి విపత్తు దగ్గర కూడా ఈ మాటను రానివ్వకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసినప్పుడు నగరం పడిన బాధకు షగ్రిన్ అన్న పేరు పెడితే అది ఆ బాధను చిన్నది చేయడమే. వాతావరణం చక్కగా ఉంటుందని చెప్పి సభ ఏర్పాటు చేసిన నిర్వాహకుడు చిన్నపాటి వానకు పందిరి కూలితే పడే బాధకు సరిపోతుంది.

ఫ్రెంచి నేర్చుకునేవారికి మరో హెచ్చరిక. నేటి ఫ్రెంచిలో ఈ మాటకు అర్థం దుఃఖం, మనోవ్యథ. ప్రేమ విఫలమైన శోకాన్ని వారు ఈ మాటతోనే చెబుతారు. ఇంగ్లీషులోకి వచ్చాక దానికి పరువు అనే కొత్త చాయ అంటుకుంది. ఒక భాష అర్థాన్ని రెండో దానిలోకి మోసుకెళ్లకండి.

షగ్రీన్ అని దీర్ఘంతో పలికే మరో ఇంగ్లీషు మాట ఉంది. అది గరుకైన తోలు. ఒకప్పుడు గుర్రం, గాడిద తోలుతోనూ, తర్వాత సొర, టేకు చేపల చర్మంతోనూ చేసి కత్తిపిడులకు, పెట్టెలకు తొడిగేవారు. చేపలరేవులో సొర చర్మాన్ని తోకనుంచి తలవైపు నిమిరి చూస్తే ఆ గరుకుతనం అర్థమవుతుంది. తోలు పేరు తుర్కీలో గుర్రం పిరుదును చెప్పే మాటనుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. భావం పేరు కూడా ఆ తోలునుంచే పుట్టిందని పూర్వం కొందరు చెప్పారు గానీ పండితులు దాన్ని ఏకగ్రీవంగా ఒప్పుకోలేదు. గుర్తుపెట్టుకోవడానికి వాడుకోండి, పరీక్షలో వ్యుత్పత్తిగా రాయకండి.

6. ఇరుగుపొరుగు మాటల్లో సరైనదాన్ని ఎంచుకోండి

ఖాళీలు పూరించే ప్రశ్నల్లో షగ్రిన్ పక్కన సాధారణంగా డిస్‌మే, మార్టిఫికేషన్ లాంటివి కూర్చోబెడతారు. డిస్‌మేలో ఆందోళన పాలు ఎక్కువ. బ్యాంకు ఖాతాలో డబ్బు మాయమైందని చూస్తే కలిగేది అది. పరువు ప్రసక్తి ఉండనక్కర్లేదు. ఇదే ‘టు మై’ చట్రంలో ఇమిడిపోతుంది కాబట్టి ఎక్కువమంది ఇక్కడే తడబడతారు. వాక్యంలో గొప్ప చెప్పుకోవడం, ముందే ధీమాగా పలకడం, పోటీలో ఓడడం వంటి జాడ ఉందేమో వెతకండి. ఉంటే షగ్రిన్, లేకపోతే డిస్‌మే.

మార్టిఫికేషన్ ఇంకా తీవ్రం. లాటిన్‌లో చంపడం అనే అర్థం ఉన్న మూలంనుంచి వచ్చింది. “సిగ్గుతో చచ్చినంత పనైంది” అని మనమూ అంటాం. తెలుగు వాక్యంలో చావు ప్రసక్తి సహజంగా వస్తే మార్టిఫికేషన్, ముఖం మాడితే షగ్రిన్ అనుకోవచ్చు.

పత్రికలు చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ రోజుల్లో ‘టు ద షగ్రిన్ ఆఫ్’ను వట్టి చిరాకు, అసంతృప్తి అన్న అర్థంలోనూ వాడేస్తున్నారు. ప్రముఖుల రాకకోసం బీచ్ రోడ్డులో వాహనాలు ఆపితే, అది వాహనదారుల షగ్రిన్‌కు కారణమైందని రాస్తారు. అక్కడ ఎవరి పరువూ పోలేదు. చదివేటప్పుడు ఆ అర్థాన్ని ఒప్పుకోండి. మీరు రాసేటప్పుడు మాత్రం అలా పలచన చేయవద్దని నా మనవి. చిరాకుకు ఇంగ్లీషులో మాటలకు కొదవ లేదు. ఈ భావాన్ని ఇంత సూటిగా చెప్పే మాటలు తక్కువ.

7. సొంత వాక్యాలు రాయండి

నిఘంటువులోని ఉదాహరణను ఎత్తి రాయడంవల్ల ఉపయోగం లేదు. మీరు చూసిన సంఘటనతోనే మాట మనసులో నిలుస్తుంది. ముందు సంఘటనను తెలుగులో రెండు వాక్యాలుగా రాయండి. మొదటిదానిలో ధీమా, రెండోదానిలో అది కూలడం ఉండాలి. తర్వాత రెండో వాక్యాన్ని ఇంగ్లీషు చేసి దాని ముందు చట్రాన్ని తగిలించండి. మొదటి వాక్యం లేకుండా నేరుగా రాస్తే పాఠకుడికి ఆ మనిషి ఎందుకు చిన్నబోయాడో తెలియదు. ధీమాను ముందు చూపించాల్సిందే.

ఇక కొన్ని సందర్భాలు ఇస్తున్నాను. జవాబులు చదవకముందు మీరే నిర్ణయించుకోండి.

అరకు వెళ్లే రైలులో అద్దాల బోగీకి టికెట్లు చేయించానని ఒకాయన స్నేహితులందరికీ చెప్పాడు. స్టేషనుకు వెళ్లాక చూస్తే అవి మర్నాటి తేదీవి. పెద్ద వాల్తేరులో ఒక గృహిణి తొలిసారి ఆవకాయ పెట్టింది, జాడీ పగిలిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధకుడు తన సిద్ధాంతం తిరుగులేనిదని సదస్సులో వాదించాడు, ముందు వరసలోని విద్యార్థిని అడిగిన చిన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఒక తల్లి తన కూతురు కచ్చేరీలో రాణిస్తుందని ఇరుగుపొరుగును వెంటబెట్టుకుని వెళ్లింది, అమ్మాయి పల్లవి దగ్గరే ఆగిపోయింది. కైలాసగిరి మీద ఒక కోతి పర్యాటకుడి చేతిలోని పొట్లం లాక్కుపోయింది.

టికెట్లది షగ్రిన్. పరిశోధకుడిది కూడా, ఇంకా చిక్కనిది. జాడీ పగలడం నిరాశ మాత్రమే. ఆవకాయ గురించి ఆమె ముందే వీధంతా చాటి ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు. కోతి సంగతికి చిరాకు చాలు. తల్లి విషయంలో తొందరపడకండి. ఆమెకు కలిగినది తన గొప్ప కూలినందువల్ల అయితే ‘టు హర్ మదర్స్ షగ్రిన్’ అని రాయవచ్చు. వేదికమీద బిక్కచచ్చి నిలబడిన కూతుర్ని చూసి ఆమె కడుపు తరుక్కుపోయి ఉంటే ఆ మాట రాయకూడదు. ఏది నిజమో కథ రాసేవారే నిర్ణయించాలి, మాట ఎంపికతోనే ఆ తల్లి ఎలాంటిదో పాఠకుడికి తెలిసిపోతుంది.

రాసిన వాక్యాలను ఒక రోజు ఆగి మళ్లీ చదవండి. షగ్రిన్ ఉన్నచోట డిసపాయింట్‌మెంట్ పెట్టి చూడండి. అర్థం ఏమీ మారలేదనిపిస్తే అక్కడ డిసపాయింట్‌మెంట్‌నే ఉంచేయండి. ఏదో తగ్గిందనిపిస్తే షగ్రిన్‌ను తిరిగి దాని చోట పెట్టండి.